తలంటి పోసిన కుక్కపిల్లలు

హేమ కునుకు తీసింది కాసేపే. ఆ కాసేపట్లోనే ఆమె అత్తగారు కొండలమ్మ చేయదలచుకున్న ఘనకార్యం చేసేసింది.

కునుకు తీసినందుకు హేమను అనడానికి లేదు. ఆమె కంటినిండా నిద్రపోయి చాలా రోజులైంది. నాగాయలంక అవతల వాళ్లు కౌలుకు చేసుకుంటున్న రొయ్యల చెరువు గట్టున బుల్లెమ్మ అని ఒక కాపలా కుక్క ఉండేది. అది పాము కరిచి చచ్చిపోతూ ఆరు పిల్లల్ని హేమ నెత్తిన పెట్టి పోయింది. బుల్లెమ్మ బతికున్నన్నాళ్లూ హేమ దాన్ని ముద్దు చేసిన పాపాన పోలేదు. వరండా ఎక్కితే చీపురు తీసేది. అలాంటి మనిషి, అది పోయిన రాత్రి పిల్లల ఏడుపు వినలేక లేచి ఒక్కసారి పాలు పట్టింది. ఒకసారి పట్టాక రెండోసారి మానడం ఆమె చేత కాలేదు. అప్పటినుంచి రాత్రనక పగలనక రెండు గంటలకోసారి లేవడం, పాలపొడి కలపడం, సిరంజితో చుక్కచుక్కగా నోట్లోకి వదలడం, తడిదూదితో తుడిచి మూత్రం పోయించడం. తల్లికుక్క నాలుకతో అలవోకగా చేసుకుపోయే ఆ పని మనిషి చేయబోతే నడుములు పడిపోతాయి.

ఇంత చేసినా రెండు పిల్లలు దక్కలేదు. మిగిలిన నాలుగూ కళ్లయితే తెరిచాయి గాని బరువెక్కడం లేదు. పశువుల డాక్టరు వాటిని ఒక్కొక్కటే చేతిలో పెట్టుకుని చూసి, పొడిపాలు వీటికి పడటం లేదని, పాలిచ్చే కుక్క ఎక్కడైనా దొరికితే తప్ప బతకవని మొహమాటం లేకుండా చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా ఫోటో తీసి, తన ఫోనులో ఉన్న గ్రూపులన్నిటికీ పంపాడు.

ఆ ఫోటో చూసి మైలవరం నుంచి సుబ్బరత్నం అనే రైతు ఇల్లాలు ఫోన్ చేసింది. మొన్నటి గాలివానకి వాళ్ల గొడ్లచావిడి గోడ కూలి, దాని పక్కన పడుకున్న కుక్కపిల్లలన్నీ పోయాయట. వాటి తల్లి, చుక్క అనే కుక్క, పాలు గడ్డకట్టి, తిండి మానేసి, కూలిన గోడచుట్టూ తిరుగుతోందట. రేపటికల్లా తీసుకురాగలిగితే తీసుకురండి, ఇంకా ఆలస్యమైతే దాని పాలు ఇంకిపోతాయి అని ఆవిడ చెప్పింది. అలా ఆ నాలుగు పిల్లల ప్రాణం మైలవరంలో ఉన్న చుక్క దగ్గరికి చేరుకుంది. ఇటు సముద్రపు గాలి తగిలే ఊరు, అటు మామిడితోటల ఊరు, మధ్యలో డెల్టా అంతా ఉంది.

హేమ భర్త జానకిరామ్ కారు తీస్తానన్నాడు. రాత్రి పక్క చెరువులో రొయ్యల పట్టుబడికి సాయం వెళ్లి తెల్లారి వచ్చిన మనిషి, తన చెరువు దగ్గర తండ్రిని కాపలా పెట్టి మరీ తీస్తానన్నాడు. అంతకుమించి ఏమీ మాట్లాడలేదు. మాటలు ఖర్చు పెట్టే అలవాటు అతనికి మొదటినుంచీ లేదు.

బయల్దేరాల్సిన పొద్దున ఆ కునుకు నుంచి హేమ లేచి చూసేసరికి నాలుగు పిల్లలూ వరుసగా తుండుగుడ్డ మీద మెరిసిపోతున్నాయి. కొండలమ్మ వాటికి నూనె రాసి, సున్నిపిండి పెట్టి రుద్ది, వేడినీళ్లతో తలంటి పోసింది. పొయ్యిలోంచి నిప్పులు తీసి సాంబ్రాణి పొగ వేసింది. పొట్టల కింద పౌడరు అద్దింది. అప్పటికీ తనివి తీరక నుదుట కాటుకతో దిష్టిచుక్క పెడుతోంది. నల్లపిల్ల నుదుట నల్లచుక్క కనిపించకపోయేసరికి, చెవి వెనక తెల్లమచ్చ వెతికి అక్కడ పెట్టింది.

“పరాయి ఇంటికి పంపుతా మట్టి మొహాలతో పంపుతామా ఏంటే? చూసినోళ్లు పిల్లల్ని అనరు, మనల్నంటారు,” అంది కొండలమ్మ.

హేమకి నవ్వొచ్చింది. ఎన్ని రోజులకో వచ్చిన నవ్వు. నలుగురిలోకీ చిన్నవాణ్ణి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంటే, పురిటింట్లో పసిపిల్లల దగ్గర వచ్చే వాసనే వచ్చింది. వీడికొక్కడికే ఆమె పేరు పెట్టింది. గుప్పిట మూస్తే అందులో పట్టేవాడు కాబట్టి పిడికెడు అని పిలిచేది. పేరు పెట్టకపోతే బాగుండేదని ఆమెకీ తెలుసు. నోట్లోంచి వచ్చేసిన పేరుని ఏం చేస్తాం.

రొయ్యలు పట్టే ప్లాస్టిక్ ట్రే ఒకటి కడిగి, అడుగున పాత నూలుచీర మడతపెట్టి పరిచారు. వేడినీళ్లు పోసిన కూల్‌డ్రింకు సీసాకి గుడ్డ చుట్టి మధ్యలో పెట్టారు. హేమ ట్రేతో వెనకసీట్లో కూర్చుంది. తాను లేకుండా అప్పగింతలేమిటని కొండలమ్మ ముందుసీట్లో ఎక్కింది. రాహుకాలం పోయేదాకా బండి కదలనివ్వలేదు కూడా.

వేసవికాలపు ప్రయాణం. ఏసీ వేస్తే పిల్లలకి చలి. అద్దాలు దించితే వడగాలి. వేలెడంత అద్దం దించుకుని, ముగ్గురు పెద్దవాళ్లూ నాలుగు పిల్లల కోసం ఉడికిపోతూ కూర్చున్నారు. అవనిగడ్డ చేరకముందే ఒకటి కక్కింది. దాన్ని తుడిచేలోపు ఇంకొకటి చీర పాడుచేసింది. చల్లపల్లి దాటాక నాలుగూ ఒక్కసారి ఏడుపు ఎత్తుకున్నాయి. కారు పక్కకి ఆపడం, ఫ్లాస్కులో నీళ్లు తీసి పాలు కలపడం, ఒక్కోదానికీ పట్టడం, తుడవడం, మళ్లీ కదలడం. ఆగిన ప్రతిచోటా జానకిరామ్ స్టీరింగు మీద తల వాల్చి అక్కడికక్కడ నిద్రపోయేవాడు. హేమ భుజం తడితే లేచి తాళం తిప్పేవాడు.

ఉయ్యూరులో చెరుకురసం బండి నీడన ఆగినప్పుడు జనం మూగారు. మనవాళ్లకి కుక్కపిల్ల కనిపిస్తే ముందు ఏ జాతి అని అడగాలి, తర్వాత మగదా ఆడదా అని అడగాలి. ఆ రెండూ తెలిశాక దాని బతుకు సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఒకాయన ఒకదాన్ని తోక పట్టుకు ఎత్తబోతే హేమ చెయ్యి అడ్డం పెట్టింది. ఏం జాతండీ అని అతను అడిగాడు. చెరువుగట్టు జాతి అని కొండలమ్మ ముందుసీట్లోంచే జవాబు చెప్పింది. ఊరకుక్కల కోసం ఇంత పెట్రోలు తగలేస్తున్నారా అని ఎవరో నవ్వారు. బండి డీజిలుదని చెప్పే ఓపిక కూడా హేమకి లేకపోయింది.

కంకిపాడు దాటాక కారుకీ ఓపిక అయిపోయింది. వేడి చూపించే ముల్లు పైకి పోయి అక్కడే కూర్చుంది. బానెట్టు ఎత్తితే రేడియేటరు గొట్టం పగిలి నీళ్లు కారిపోతున్నాయి. సీసాలతో నీళ్లు పోసుకుంటూ, ఆగుతూ, పాకుతూ ఎలాగో ఆటోనగర్ చేరారు. జానకిరామ్‌కి తెలిసిన ఏసుపాదం షెడ్డు అక్కడుంది. అతను చూసి, పాత మోడలు కాబట్టి గొట్టం వెతికి తేవాలన్నాడు. కాసేపు పడుతుందన్నాడు. ఆటోనగర్‌లో కాసేపు అంటే ఎంతసేపో ఆటోనగర్ వాళ్లకి కూడా తెలియదు.

రేకుల షెడ్డు. పైన ఎండ, పక్కన వెల్డింగు, ఎదురుగా ఎవరో లారీ డోరుని సుత్తితో బాదుతున్నారు. హేమ టైరు మీద కూర్చుని ట్రేని ఒళ్లో పెట్టుకుంది. ప్రతి దెబ్బకీ పిల్లలు ఉలిక్కిపడుతున్నాయి. సరిగ్గా అప్పుడు సుబ్బరత్నం ఫోన్ చేసింది. సుత్తి మోతలో వినపడక హేమ స్పీకరు పెట్టింది.

ఎక్కడిదాకా వచ్చారని ఆవిడ అడిగింది. చుక్క పొద్దున కూడా ఏమీ ముట్టలేదని చెప్పింది. తర్వాత గొంతు కొంచెం తగ్గించి అసలు మాట చెప్పింది.

“అమ్మాయ్, ఒక్కటి గుర్తుపెట్టుకో. పిల్లలకి సబ్బూ గిబ్బూ ఏదీ తగలనివ్వకండి. మా గేదెకి వేరే దూడని అలవాటు చేసినప్పుడు మేం పడ్డాం ఆ బాధ. పరాయి వాసన వచ్చిందంటే దగ్గరికి రానివ్వవు. చుక్క పిల్లలు పడుకున్న గోనెపట్టా ఉతక్కుండా అట్టే ఉంచాను. మీ పిల్లల్ని తెచ్చి దానిమీద దొర్లిస్తే చాలు, తనవే అనుకుంటుంది.”

హేమ అలాగేనండి అంది. ఫోన్ పెట్టేసి ట్రేలోకి చూసింది. నాలుగు పిల్లలూ సాంబ్రాణి, సున్నిపిండి, పౌడరు, కాటుక కలిసి గుప్పుమంటున్నాయి. ఆ షెడ్డులో డీజిలు వాసనని కూడా దాటుకుని వాటి వాసన వస్తోంది.

కొండలమ్మ అంతా విన్నది. ఆవిడ మొహంలో నెత్తురు లేదు.

హేమకి ఒళ్లు మండిపోయింది. ఎవరు చెయ్యమన్నారు, ఎందుకు చేశారు, నన్ను లేపి అడిగితే నోరు అరిగిపోయేదా అని గొంతుదాకా వచ్చింది. నోరు తెరిస్తే ఇవాళ్టిదొక్కటే రాదని, పెళ్లయిన దగ్గర్నుంచీ దాచుకున్నవన్నీ వరసకట్టి వస్తాయని ఆమెకి తెలుసు. అందుకని పళ్లు బిగబట్టి కూర్చుంది. అన్ని రాత్రులు నిద్ర మానుకుని నిలబెట్టిన ప్రాణాలు, చివరికి శుభ్రంగా ఉన్నందుకు పోతాయా అనుకుంటే ఏడుపు వచ్చింది.

కొండలమ్మ తన చేతిసంచిలోంచి పాత చీర ముక్క తీసింది. ఫ్లాస్కులో వేడినీళ్లు మూతలోకి వంపుకుని, గుడ్డ తడిపి, ఒక్కో పిల్లనీ తుడవడం మొదలుపెట్టింది. కాటుక పోయింది. పౌడరు పోయింది. సాంబ్రాణి మాత్రం వెంట్రుక మొదట్లో కూర్చుంది. ఎంత తుడిచినా పోలేదు. తుడిచి వాసన చూస్తుంది, మళ్లీ తుడుస్తుంది. హేమ ఎంతోసేపు చూడలేకపోయింది.

“నేనూ చూశాగా అత్తయ్యా. నాకూ బాగానే ఉందనిపించింది. ఇక ఆపండి, వాటికి చలి పడుతుంది,” అంది.

ఆపేసరికే పిడికెడుకి చలిపట్టింది. మిగతా మూడూ ఒకదాని కిందకి ఒకటి దూరి వెచ్చబడ్డాయి. వీడు ఆ గుంపులోంచి బయటికి జారిపోయి, తడిసిన గుడ్డముక్కలా పడున్నాడు. నోట్లో పాలు వదిలితే పక్కనుంచి కారిపోయాయి. హేమ ఇంకేం ఆలోచించలేదు. వాణ్ణి తీసి జాకెట్టులో, గుండెకి ఆనించి పెట్టుకుని పైన కొంగు చుట్టుకుంది. మండుటెండలో తన ఒంటి చెమటకి వాడు తడుస్తాడేమో అనుకుంది గాని, ఒంటి వేడి తప్ప వాడికి ఇవ్వడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

గొట్టం వచ్చి, బిగించి, బండి కదిలేసరికి మధ్యాహ్నం దాటింది. బెంజి సర్కిల్ దగ్గర ఆగి, కాలువ ఒడ్డున ఆగి, ముందు సిటీ బస్సు, పక్కన ఆటోలు, వెనక హారన్లతో విజయవాడ వాళ్లని ఒక పట్టాన వదల్లేదు. హేమకి కళ్లు మూతలు పడుతున్నాయి. నిద్రపోతే వాడు పోతాడన్న భయం పట్టుకుంది. మాట్లాడితే వాడు కదులుతున్నాడని ఎప్పుడో గమనించింది. గొంతు వినపడితే ముక్కు ఆడించి, గోళ్లతో గీరుతున్నాడు. ఊరుకుంటే బిగుసుకుపోతున్నాడు. దాంతో ఆమె ఆపకుండా మాట్లాడటం మొదలుపెట్టింది.

మాట్లాడటానికి పెద్ద విషయాలేమున్నాయి. చెరువులో నీళ్లు పచ్చబడ్డాయని చెప్పింది. రాత్రి కరెంటు పోతే చెరువు నీళ్లకి గాలి ఆడించే ఏరేటర్లు ఆగి అందరూ ఎలా పరుగులు పెట్టారో చెప్పింది. మీ అమ్మ మంచిదిరా, నేనే దాన్ని చీపురుతో కొట్టేదాన్ని అని చెప్పింది. ఆ మాట చెప్పాక కాసేపు మాట రాలేదు. లోపల వాడు కదలడం మానేశాడు. దాంతో మళ్లీ గొంతు సవరించుకుని, అదిగో గొల్లపూడి వచ్చింది, ఇక ఎంతో దూరం లేదు అని చెప్పింది. జానకిరామ్ అద్దంలోంచి ఒకసారి ఆమెను చూశాడు. పెళ్లయ్యాక తనతో ఇంతసేపు మాట్లాడిందా అన్నట్టుగా ఉంది ఆ చూపు. తర్వాత అతనూ అలిసిన కాలితోనే బండి వేగం పెంచాడు.

ఇబ్రహీంపట్నం దగ్గర కుడివైపు తిరిగాక గాలి మారింది. రోడ్డుకి రెండు పక్కలా మామిడితోటలు మొదలయ్యాయి. తోటలో ఇల్లు, ఇంటిముందు గేటు, గేటు దగ్గర సుబ్బరత్నం నిలబడి ఉంది. పొడుగాటి మనిషి. కారు ఆగీ ఆగకముందే హేమ అద్దం దించి, దాచకుండా జరిగింది చెప్పేసింది. స్నానం పోశామండి, సాంబ్రాణి కూడా వేశామండి, మాకు తెలియదండి అంది. కొండలమ్మ తల దించుకుంది.

సుబ్బరత్నం నాలుక చప్పరించింది. చేసినామె చెడ్డకి చేసిందా, పిల్లల మీద ప్రేమకొద్దీ చేసింది, చూద్దాం రండి అని ట్రే తాను అందుకుంది.

చుక్క కూలిన గోడ పక్కన పడుకుని ఉంది. తెల్లని కుక్క, నుదుట నల్లమచ్చ. ఎక్కడినుంచి తెచ్చుకుందో, ఒక తెగిపోయిన చెప్పుని గడ్డం కింద పెట్టుకుని కాపలా కాస్తోంది. మూడు రోజులనుంచీ ఆ చెప్పుని వదలడం లేదని సుబ్బరత్నం చెప్పింది. ఆవిడ గోనెపట్టా పరిచి, మూడు పిల్లల్నీ దానిమీద వేసి అటూ ఇటూ దొర్లించింది. చావిడి మట్టి తీసి వాటి వీపుల మీద చల్లి రుద్దింది. తర్వాత చుక్క దగ్గర కూర్చుని, మెల్లగా నిమురుతూ, దాని పాలే చేతిలోకి పిండుకుని పిల్లల తలలకీ మూతులకీ పూసింది.

చుక్క లేచి వచ్చింది. మొదటి పిల్లను వాసన చూసి గట్టిగా తుమ్మింది. గుర్రుమంది. వెనక్కి తిరిగిపోయి చెప్పు దగ్గర పడుకుంది.

కొండలమ్మ స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది. ఏ దేవుడికి ఏం మొక్కుకుందో ఆవిడకే తెలియాలి. మట్టిలో పిల్లలు ఆకలికి కీచుకీచుమంటున్నాయి. ఆ ఏడుపుకి చుక్క చెవులు మాత్రం లేచి నిలబడ్డాయి. పడుకోలేకపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చినప్పుడు తుమ్మలేదు. నల్లపిల్ల మొహం మీద పూసిన పాలు ఒకసారి నాకి చూసింది. ఆగింది. ఇంకోసారి నాకింది. తర్వాత గోనెపట్టా మీద నిదానంగా కూలబడి, కాళ్లు చాపింది. మూడు పిల్లలూ గుడ్డిగా వెతుక్కుంటూ వెళ్లి చనులు అందుకున్నాయి. చుక్క గొంతులోంచి సన్నటి మూలుగు వచ్చింది. కొండలమ్మ పైటచెంగుతో మొహం తుడుచుకుంది.

హేమ గుండెలమీదనుంచి పిడికెణ్ణి తీసి సుబ్బరత్నానికి అందించింది. ఆవిడ వాణ్ణి కూడా దొర్లించి, మట్టి రాసి, పాలు పూసి, మిగతావాటి పక్కన పెట్టింది. చుక్క మూతి చాపి వాసన చూసి, పళ్లు బయటపెట్టింది. సుబ్బరత్నం దాని మెడ నిమిరి ఆపింది. ఈలోపు వాడే చన్ను అందుకోకుండా పక్కకి తిరిగాడు. పొట్ట ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ గోనెపట్టా దాటి, మట్టిలో పాక్కుంటూ హేమ కాళ్లదాకా వచ్చి పాదం మీద తల పెట్టాడు.

“అటు కాదురా నాయనా. అదిగో, అక్కడ పాలున్నాయి,” అంది హేమ.

ఆ గొంతు విని వాడు ఇంకా గట్టిగా పాదానికి అతుక్కున్నాడు. సుబ్బరత్నం తీసుకెళ్లి పెట్టింది. వాడు తిరిగి వచ్చాడు. మళ్లీ పెట్టింది. మళ్లీ వచ్చాడు. పూటంతా హేమ ఒంటి చెమటలో నానిన పిల్ల. ఎంత మట్టి రాసినా వాడి దగ్గర ఆమె వాసన పోలేదు. వాడికి తల్లి ఎవరో వాడు ఎప్పుడో తేల్చేసుకున్నాడు. చుక్క ప్రతిసారీ వాసన చూసి గుర్రుమంటూనే ఉంది.

సుబ్బరత్నం లేచి నిలబడి చేతులు దులుపుకుంది.

“అమ్మాయ్, ఏమీ అనుకోకు. నువ్విక్కడున్నంతసేపూ వాడు దాని దగ్గరికి పోడు. నీ గొంతు వాడికి వినపడకూడదు. వెళ్లి కార్లో కూర్చో తల్లీ. ఏడిచినా రాకు.”

హేమకి మొదట కోపం వచ్చింది. తర్వాత అందులో నిజం ఉందని అర్థమైంది. అర్థమైనందుకు ఇంకా బాధేసింది. పాదం మీదనుంచి వాణ్ణి తీయడానికి వంగబోయి, తన చెయ్యి తగలకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది. సుబ్బరత్నమే వచ్చి తీసుకుంది. హేమ వెనక్కి తిరిగి చూడకుండా గేటుదాకా నడిచి, కారెక్కి తలుపు వేసుకుంది.

ముందుసీట్లో జానకిరామ్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అద్దాలన్నీ ఎత్తి ఉన్నా వాడి ఏడుపు వినపడుతోంది. మిగతావాటి ఏడుపు ఆమెకి ఎప్పుడూ వేరుగా తెలిసేది కాదు. వీడిది మాత్రం ఎంతమందిలో ఉన్నా తెలిసేది. కాసేపటికి కొండలమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుని, కోడలి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏడుపు పెరిగింది. హేమ కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక్క మాట అంటే చాలు, ఒక్కసారి రారా అంటే చాలు, వాడు ఆగిపోతాడు. ఆగి, ఆమె చేతుల్లో ఇంకో రెండు రోజులు బతుకుతాడు. అంతే. అది ఆమెకి బాగా తెలుసు.

ఏడుపు ఆగిపోయింది.

ఆగింది తాగడానికో, పోవడానికో తెలియదు. హేమ అత్తగారి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, ఆవిడ గాజులు నొక్కుకుపోయాయి. తోటలో గాలి లేదు. ఇంట్లో ఎవరో పళ్లెం కింద పెట్టిన చప్పుడు అయింది. తర్వాత సుబ్బరత్నం ఒక చేత్తో కుంకుమ భరిణ, ఇంకో చేత్తో అరటిపళ్లు పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. అద్దం దించమని సైగ చేసి, లోపలికి వంగి గుసగుసగా చెప్పింది.

“పట్టుకున్నాడు. చుక్క నాకుతోంది. వాడు కళ్లు మూసుకుని తాగుతున్నాడు.”

హేమ ఊపిరి వదిలింది. వాడు బతికాడు. ఆ సంతోషం వెనకాలే ఇంకొకటి వచ్చింది. అది అసూయ. నోరులేని కుక్కని చూసి, అదీ మూడు రోజులు చెప్పుని పెంచుకున్న దౌర్భాగ్యురాలిని చూసి అసూయపడుతున్నానని ఆమెకి తెలిసింది. సిగ్గుపడే ఓపిక కూడా లేక దాన్ని అలాగే పడనిచ్చింది. ఒక్కసారి దూరంనుంచి చూసి వస్తానని అడగబోయింది. సుబ్బరత్నం ముందే గ్రహించి తల అడ్డంగా ఊపింది. తన పెదవుల మీద వేలు పెట్టుకుంది.

ఆవిడ అత్తాకోడళ్లిద్దరికీ బొట్టు పెట్టి, పళ్లు ఒళ్లో పెట్టింది. కొండలమ్మ కొడుకు భుజం తట్టి లేపింది.

ఎవరింటికి వెళ్లినా, వచ్చేటప్పుడు వెళ్లొస్తామని చెప్పకుండా హేమ ఏనాడూ గడప దిగలేదు. ఆ మాట గొంతులో సిద్ధంగా ఉంది. గేటు అవతల, గోడ పక్కన, అప్పుడప్పుడే పాలు మరిగినవాడి చెవులున్నాయి. ఆమె రెండు చేతులూ జోడించి, నోరు మూసుకుని, తల ఊపింది. జానకిరామ్ బండి చప్పుడు చేయకుండా మెల్లగా వెనక్కి తీశాడు. వెళ్లొస్తామని చెప్పకుండానే వాళ్లు వెళ్లిపోయారు.